ఓడిన జట్టును నిలబెట్టిన బడి పంతులు: సయ్యద్ అబ్దుల్ రహీమ్ సాబ్

2025 ఆగస్టులో భారత ఫుట్‌బాల్ జట్టుకు ఖాలిద్ జమీల్ కొత్త కోచ్‌గా వచ్చారు. పదేళ్లకు పైగా విదేశీ కోచ్‌లే కూర్చున్న కుర్చీలో మళ్లీ ఒక భారతీయుడు కూర్చున్నాడని అభిమానులు సంతోషపడ్డారు. కానీ జట్టు అప్పటికే బాగా దెబ్బతిని ఉంది. అక్టోబర్‌లో సింగపూర్ చేతిలో ఓడిపోవడంతో 2027 ఆసియా కప్‌కు వెళ్లే దారి కూడా మూసుకుపోయింది. ఇక మన దేశంలో ఫుట్‌బాల్ పని అయిపోయిందని, కొత్త కోచ్ వచ్చి చేసేదేముందని చాలామంది పెదవి విరిచారు.

ఇలాంటి మాటలు ఈ దేశం డెబ్బై ఏళ్ల కిందటే విన్నది. అప్పుడు పది గోల్స్ తిని తలవంచుకుని వచ్చిన జట్టును పదేళ్లలో ఆసియా విజేతగా నిలబెట్టిన మనిషి ఒకరున్నారు. ఆయనది కలకత్తా కాదు, బొంబాయి కాదు, మన హైదరాబాద్. పెద్ద క్లబ్బు యజమానో, విదేశాల నుంచి వచ్చిన నిపుణుడో కాదు, బడి పంతులు. పేరు సయ్యద్ అబ్దుల్ రహీమ్. ఆటగాళ్లకు, హైదరాబాద్ జనానికి మాత్రం ఆయన ఎప్పుడూ రహీమ్ సాబే.

2024లో అజయ్ దేవగణ్ నటించిన మైదాన్ సినిమా వచ్చాక ఆయన పేరు మళ్లీ ఇళ్లలో వినబడింది. సినిమాలో కథ కోసం కొన్ని కల్పనలు ఉంటాయి. అసలు మనిషి జీవితంలో మాత్రం కల్పన అవసరం లేనంత కథ ఉంది.

బడిలో మొదలైన ఆట

రహీమ్ సాబ్ 1909 ఆగస్టు 17న హైదరాబాద్‌లో పుట్టారు. అది నిజాం పాలన కాలం. మన కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాలు కూడా అదే సంస్థానంలో ఉండేవి. ఉస్మానియా యూనివర్సిటీలో చదువు అప్పట్లో ఉర్దూ మాధ్యమంలో సాగేది. రహీమ్ సాబ్ అక్కడే చదివారు, అక్కడి ఫుట్‌బాల్ జట్టులోనే ఆడారు. ఆటగాడిగా మంచి పేరే తెచ్చుకున్నారు గానీ ఆయన అసలు బలం కాళ్లలో కన్నా చూపులో ఉండేది. ఎవరు ఎక్కడ నిలబడ్డారు, ఎవరు అనవసరంగా పరుగెత్తుతున్నారు, ఎవరి దగ్గర బంతి ఆగిపోతున్నది అన్నది ఆయన గమనించేవారు.

చదువయ్యాక టీచర్ ఉద్యోగంలో చేరారు. కాచిగూడ మిడిల్ స్కూల్, ఉర్దూ షరీఫ్ స్కూల్, దారుల్ ఉలూమ్ హైస్కూల్, చాదర్‌ఘాట్ హైస్కూల్, ఇలా హైదరాబాద్ బడుల్లోనే పనిచేశారు. తర్వాత వ్యాయామ విద్యలో డిప్లొమా చేసి పిల్లలకు ఆటలు నేర్పే బాధ్యత తీసుకున్నారు. ఇప్పటి మాటలో చెప్పాలంటే పీఈటీ సార్.

ఈ విషయం చిన్నదిగా కనిపిస్తుంది గానీ ఆయన జీవితమంతా దీనిమీదనే నిలబడింది. పంతులుకు తరగతిలోని పిల్లలను ఎంచుకునే వీలుండదు. వచ్చినవాళ్లకే నేర్పాలి. వెనకబడ్డవాడిని బయటికి పంపే బదులు వాడికి ఏం రాదో కనుక్కుని అది నేర్పాలి. రహీమ్ సాబ్ తర్వాత దేశానికి కోచ్ అయినప్పుడు కూడా ఇదే పద్ధతిలో పనిచేశారు.

1940లలో హైదరాబాద్ ఫుట్‌బాల్ అసోసియేషన్ కార్యదర్శి బాధ్యత ఆయన మీద పడింది. ఆ పదవిని అడ్డం పెట్టుకుని కుర్చీలో కూర్చోలేదు. బస్తీల్లో, బడుల్లో పోటీలు పెట్టించారు. కింద నుంచి పిల్లలు రాకపోతే పైన జట్టు ఉండదని ఆయనకు తెలుసు.

సిటీ పోలీస్ జట్టు కాలం

1948 సెప్టెంబర్ పోలీస్ చర్యతో హైదరాబాద్ తలకిందులైంది. పాత వ్యవస్థ పోయింది. చాలా కుటుంబాలకు రేపేమవుతుందో తెలియని రోజులవి. అలాంటి వేళ 1950లో రహీమ్ సాబ్ హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుకు కోచ్ అయ్యారు.

ఆ ఏడాదే బొంబాయిలో జరిగే రోవర్స్ కప్‌ను సిటీ పోలీస్ గెలిచింది. అక్కడితో ఆగలేదు. 1950 నుంచి 1954 దాకా వరుసగా 5 సార్లు ఆ కప్పు హైదరాబాద్‌కే వచ్చింది. అదే 1950లో ఢిల్లీలో డ్యూరాండ్ కప్ ఫైనల్లో కలకత్తా మోహన్ బగాన్ ఎదురైంది. మొదటి మ్యాచ్ 2-2తో తేలలేదు. మళ్లీ ఆడితే సిటీ పోలీస్ 1-0తో గెలిచింది. ఫుట్‌బాల్ అంటే బెంగాల్ సొత్తు అనుకునే రోజుల్లో ఈ గెలుపు మామూలుది కాదు. తర్వాత కూడా ఈ పోలీస్ జట్టు డ్యూరాండ్‌ను మళ్లీ మళ్లీ గెలిచింది.

ఆ జట్టులో నూర్ మహమ్మద్, అజీజుద్దీన్ లాంటి ఆటగాళ్లు ఉండేవారు. ఎక్కువ మంది మామూలు ఇళ్ల నుంచి వచ్చినవాళ్లే. పోలీసు ఉద్యోగం వాళ్ల ఇంటికి తిండి పెట్టేది, ఆట వాళ్లకు పేరు పెట్టింది. రోజులు బాగాలేవని ఇంట్లో కూర్చోకుండా మైదానంలోకి దిగిన పిల్లలు దేశమంతా హైదరాబాద్ పేరు గౌరవంగా పలికేలా చేశారు.

హెల్సింకీ దెబ్బ

దేశపు జట్టు బాధ్యత కూడా త్వరగానే వచ్చింది. 1951 మార్చిలో ఢిల్లీలో మొదటి ఆసియా క్రీడలు జరిగాయి. ఫైనల్లో ఇరాన్‌ను 1-0తో ఓడించి భారత్ బంగారు పతకం గెలిచింది. ఆ గోల్ సాహు మేవాలాల్‌ది. దేశం పండగ చేసుకుంది.

మరుసటి ఏడాదే నేల మీదికి దిగాల్సి వచ్చింది. 1952 జులైలో హెల్సింకీ ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో మన జట్టు 10-1తో ఓడింది. మనవాళ్లలో ఎక్కువమంది ఒట్టి కాళ్లతోనే ఆడారు. ఇక్కడి ఎండకు ఎండిన గ్రౌండ్లో ఒట్టి కాలికి బంతి బాగా లొంగేది. అక్కడి చలిలో, జారే గడ్డిమీద అదే కాలు పట్టు తప్పింది. అవతల బూట్లు వేసుకున్న, ఎత్తైన, పద్ధతి ప్రకారం ఆడే యూరప్ ఆటగాళ్లు.

ఆ ఓటమి తర్వాత ఆటగాళ్లు బూట్లు వేసుకోవడాన్ని ఫెడరేషన్ తప్పనిసరి చేసింది. అయితే బూట్లతోనే అంతా మారిపోదు. మన ఆటగాళ్లకు బంతి మీద ప్రేమ ఎక్కువ. ఒకడి కాలికి బంతి దొరికితే ముగ్గురిని దాటించి జనంతో చప్పట్లు కొట్టించుకోవాలని చూసేవాడు. ఈలోగా అవతలి జట్టు సర్దుకునేది. ఒక్కొక్కరు బాగా ఆడినా జట్టుగా ఓడిపోయేవారు. రహీమ్ సాబ్ మరమ్మతు ఇక్కడ మొదలుపెట్టారు.

బలం లేని కాలికి పాఠం

ఆయన పెట్టించిన పోటీలు వింటే ఇప్పటికీ ఆశ్చర్యమే. ఒక పోటీలో డ్రిబ్లింగ్ చేయకూడదు. బంతి రాగానే తోటి ఆటగాడికి ఇచ్చేయాలి. ఇంకో పోటీలో ప్రతివాడూ తనకు బలం లేని కాలితోనే ఆడాలి. కుడికాలి వాడు ఎడమకాలితో, ఎడమకాలి వాడు కుడికాలితో. మరికొన్ని పోటీల్లో పిల్లలను వయసును బట్టి, ఎత్తును బట్టి విడదీసి ఆడించేవారు. దాంతో పొట్టిగా, సన్నగా ఉన్న పిల్లవాడు పెద్దవాళ్ల మధ్య నలిగిపోకుండా తన ఈడు వాళ్లతో ఆట నేర్చుకునేవాడు.

ఇవి సరదా పోటీలు కావు. డ్రిబ్లింగ్ లేని ఆట ఆడితే బంతి రాకముందే తల ఎత్తి చూడటం అలవాటవుతుంది. తోటివాడు ఎక్కడున్నాడో ముందే తెలుసుకోవాలి. బలం లేని కాలితో ఆడితే ఏ వైపు నుంచి బంతి వచ్చినా తడబాటు పోతుంది. తరగతిలో లెక్కలు రాని పిల్లవాడికి లెక్కలే ఎక్కువ చేయించే పంతులు పద్ధతి ఇది.

ప్రపంచంలో ఆట ఎటు పోతున్నదో కూడా ఆయన కనిపెట్టి ఉండేవారు. 1953లో లండన్‌లోని వెంబ్లీలో హంగరీ జట్టు ఇంగ్లండ్‌ను 6-3తో ఓడించింది. ముందు నిలబడాల్సిన సెంటర్ ఫార్వర్డ్‌ను హంగరీ వెనక్కి లాగి ఆడించింది. అతన్ని కాపలా కాయాల్సిన డిఫెండర్‌కు వెంట వెళ్లాలో, ఉన్నచోటే ఉండాలో తెలియలేదు. ఈ పద్ధతిని రహీమ్ సాబ్ మన ఆటలోకి తెచ్చారు. 1958 ప్రపంచ కప్‌లో బ్రెజిల్ నలుగురు, ఇద్దరు, నలుగురు వరసతో గెలిచి లోకానికి చూపించింది. ఆ వరసను రహీమ్ సాబ్ అంతకు ముందే మనవాళ్లకు అలవాటు చేస్తున్నారని ఫుట్‌బాల్ చరిత్ర రాసినవాళ్లు చెప్తారు. టీవీ లేదు, వీడియో లేదు, ఇంటర్నెట్ లేదు. హైదరాబాద్‌లో కూర్చున్న ఒక స్కూల్ టీచర్ ఇదంతా పట్టుకున్నారంటే ఎంత శ్రద్ధ ఉండాలి.

మెల్‌బోర్న్‌లో నాలుగో స్థానం

1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌కు రహీమ్ సాబ్ జట్టు బూట్లతో వెళ్లింది. మొదటి రౌండ్‌లో ఎదురు రావాల్సిన హంగరీ తప్పుకుంది. డిసెంబర్ 1న ఆతిథ్య జట్టు ఆస్ట్రేలియాను మనవాళ్లు 4-2తో ఓడించారు. బొంబాయి కుర్రాడు నెవిల్ డిసౌజా 3 గోల్స్ కొట్టాడు. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో సెమీఫైనల్ చేరిన మొదటి ఆసియా జట్టు మనదే.

సెమీఫైనల్లో ఎదురొచ్చింది ఎవరో కాదు, అదే యుగోస్లావియా. ఈసారి ముందుగా గోల్ కొట్టింది మనమే. చివరికి 4-1తో ఓడిపోయాం. కంచు పతకం మ్యాచ్‌లో బల్గేరియా చేతిలో 3-0తో ఓడి నాలుగో స్థానంలో నిలిచాం. పతకం రాలేదు నిజమే. కానీ నాలుగేళ్ల కిందట పది గోల్స్ కొట్టి పోయిన జట్టు ఈసారి ఒక గోల్ వెనకబడి చెమటలు పట్టి ఆడాల్సి వచ్చింది.

ఆ రోజుల్లో దేశపు జట్టులో హైదరాబాద్ ఆటగాళ్లు గుంపుగా ఉండేవారు. 1956, 1957లలో జాతీయ చాంపియన్‌షిప్ అయిన సంతోష్ ట్రోఫీని హైదరాబాద్ జట్టు వరుసగా రెండుసార్లు గెలిచింది. ఆ జట్టును తీర్చిదిద్దింది కూడా ఆయనే.

సైకిల్ కిరాయి ఇచ్చిన గురువు

రహీమ్ సాబ్ కనిపెట్టిన రత్నాల్లో తులసీదాస్ బలరామ్ ఒకరు. సికింద్రాబాద్ దగ్గర అమ్ముగూడలో పేద తమిళ కుటుంబంలో పుట్టిన పిల్లవాడు. లోకల్ మ్యాచ్‌లో అతని ఆట చూసి రహీమ్ సాబ్ పిలిపించారు. సికింద్రాబాద్ నుంచి రోజూ హైదరాబాద్ రావడానికి ఆ పిల్లవాడి దగ్గర పైసలు లేవు. సైకిల్ ఖర్చు ఆయనే సర్దారు. ఆ పిల్లవాడు 1956లో ఇరవై ఏళ్లకే ఒలింపిక్స్‌కు వెళ్లాడు. దేశం చూసిన గొప్ప ఫార్వర్డ్‌లలో ఒకడయ్యాడు. ఈ పిల్లవాడిది ఏ మతం, ఏ భాష, ఏ బస్తీ అని రహీమ్ సాబ్ చూడలేదు. బంతి వచ్చినప్పుడు ఏం చేస్తాడన్నదే చూశారు.

సొంత ఇంట్లో కూడా అదే తూకం. ఆయన కొడుకు సయ్యద్ షాహిద్ హకీమ్ మంచి ఆటగాడు. 1960 రోమ్ ఒలింపిక్స్ జట్టులో ఉన్నాడు. కోచ్ తండ్రే. అయినా ఆ ఒలింపిక్స్‌లో హకీమ్‌కు ఒక్క మ్యాచ్‌లో కూడా ఆడే అవకాశం రాలేదు. సిఫారసు మీద నడిచే చోట్లు మనకు తెలియనివి కావు. కొడుకును బెంచీ మీద కూర్చోబెట్టి ఇంకొకరి కొడుకును ఆడించాలంటే గుండె గట్టిగా ఉండాలి. హకీమ్ తర్వాత వైమానిక దళంలో స్క్వాడ్రన్ లీడర్ అయ్యారు, అంతర్జాతీయ రిఫరీ అయ్యారు, 2017లో ధ్యాన్‌చంద్ అవార్డు అందుకున్నారు. 2021లో కన్నుమూశారు.

రోమ్‌లో మన గ్రూపులో హంగరీ, ఫ్రాన్స్, పెరూ ఉన్నాయి. హంగరీతో 2-1తో ఓడాం, పెరూతో 3-1తో ఓడాం. ఫ్రాన్స్‌తో మ్యాచ్‌లో పీకే బెనర్జీ గోల్‌తో ముందంజ వేసి, చివర్లో గోల్ ఇచ్చి 1-1తో సరిపెట్టుకున్నాం. గ్రూపు దాటలేదు గానీ యూరప్ జట్లకు మనం సులువుగా లొంగే రోజులు పోయాయని తేలిపోయింది.

జకార్తా: లక్ష గొంతుల మధ్య

1962 ఆగస్టులో జకార్తా ఆసియా క్రీడలు. 1954లో మనీలాలో మన ఆట బాగాలేదు, 1958లో టోక్యోలో నాలుగో స్థానంతో తిరిగొచ్చాం. రహీమ్ సాబ్ ఒంట్లో అప్పటికే జబ్బు చేరింది. అయినా జట్టుతో వెళ్లారు. చునీ గోస్వామి కెప్టెన్. పీకే బెనర్జీ, బలరామ్ ముందు వరసలో, జర్నైల్ సింగ్, అరుణ్ ఘోష్ వెనక వరసలో. హైదరాబాద్ నుంచి యూసుఫ్ ఖాన్ ఉన్నాడు. ఆరడుగులు దాటిన గోల్‌కీపర్ పీటర్ తంగరాజ్ పుట్టింది కూడా హైదరాబాద్‌లోనే.

మొదటి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా చేతిలో 2-0తో ఓడిపోయారు. అక్కడితో చాలా జట్లు కుంగిపోతాయి. మనవాళ్లు థాయిలాండ్‌ను 4-1తో, జపాన్‌ను 2-0తో ఓడించి సెమీఫైనల్ చేరారు. ఈలోగా జర్నైల్ సింగ్ తలకు దెబ్బ తగిలి కుట్లు పడ్డాయి. డిఫెన్స్‌లో తలతో బంతిని కొట్టాల్సిన మనిషి. అతన్ని పక్కన పెట్టాలి, లేదా వేరే దారి వెతకాలి. రహీమ్ సాబ్ ఎవరూ ఊహించని పని చేశారు. జర్నైల్‌ను వెనక నుంచి తీసి సెంటర్ ఫార్వర్డ్‌గా ముందు నిలబెట్టారు. కుర్రతనంలో అతను ముందు వరసలో ఆడినవాడే. సెమీఫైనల్లో దక్షిణ వియత్నాంను 3-2తో ఓడించారు. అందులో ఒక గోల్ జర్నైల్‌దే.

బయట వాతావరణం ఇంకా కష్టంగా ఉంది. ఇజ్రాయెల్, తైవాన్ జట్లను ఇండోనేషియా ఆ క్రీడలకు రానివ్వలేదు. దానిమీద భారత క్రీడా అధికారి జి.డి. సోంధి అభ్యంతరం చెప్పడంతో జకార్తాలో మన దేశం మీద కోపం రగిలింది. సెప్టెంబర్ 4న ఫైనల్. స్టేడియంలో దాదాపు లక్ష మంది. ఎదురుగా మొదటి మ్యాచ్‌లో మనల్ని ఓడించిన అదే దక్షిణ కొరియా. మనవాళ్ల కాలికి బంతి తగిలితే చాలు, స్టేడియమంతా గేలి చేసింది. అంత జనంలో మనకోసం అరిచిన కొద్దిమందిలో పాకిస్తాన్ హాకీ ఆటగాళ్లు ఉండటం ఆ సాయంత్రం జరిగిన వింత.

జ్వరం నుంచి తేరుకుంటున్న తంగరాజ్‌ను రహీమ్ సాబ్ ఫైనల్‌కు గోల్ ముందు నిలబెట్టారు. కొరియా పైనుంచి వేసే బంతులను అందుకోవడానికి అతని ఎత్తు అవసరం. 17వ నిమిషంలో పీకే బెనర్జీ గోల్ కొట్టాడు. 20వ నిమిషంలో రెండో గోల్ పడింది. కొట్టింది తలకు కట్టుతో ఆడుతున్న జర్నైల్ సింగ్. కొరియా చివర్లో ఒక గోల్ తిరిగి ఇచ్చినా మ్యాచ్ 2-1తో మనదే. సిక్కులు, క్రైస్తవులు, హిందువులు, ముస్లింలు కలిసిన ఆ జట్టు జబ్బుతో ఉన్న తమ సాబ్‌కు బంగారు పతకం తెచ్చి ఇచ్చింది.

ఆయన పోయాక

తర్వాత ఏడాది తిరగలేదు. 1963 జూన్ 11న ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో రహీమ్ సాబ్ ఇంతెకాల్ అయ్యారు. వయసు 53 ఏళ్లు. సిగరెట్ అలవాటు ఆయనను వదల్లేదు, ఆయనా దాన్ని వదల్లేదు. ఆటగాళ్ల ఒంటి మీద అంత శ్రద్ధ పెట్టిన మనిషి తన ఒంటిని మరిచారు. మైదానంలో నిలబడే ప్రతి పెద్దమనిషీ ఈ సంగతి కూడా గుర్తు పెట్టుకోవాలి.

ఆయన తయారుచేసిన ఆటగాళ్ల ఊపు కొన్నేళ్లు నడిచింది. 1964 ఆసియా కప్‌లో రెండో స్థానం వచ్చింది. 1970 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో కంచు పతకం గెలిచిన జట్టుకు కెప్టెన్ హైదరాబాదీ సయ్యద్ నయీముద్దీన్. ఆ తర్వాత ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో మనకు ఏ పతకమూ రాలేదు. బంగారం సంగతి 1962తోనే ముగిసింది.

ఇలా ఎందుకైందని అడిగితే కోచ్‌ల పేర్లు, ఫెడరేషన్ గొడవలు చాలామంది చెప్తారు. రహీమ్ సాబ్ జీవితం చూస్తే వేరే జవాబు కనిపిస్తుంది. ఆయన పైన కూర్చుని జట్టును ఎంపిక చేసిన మనిషి మాత్రమే కాదు. కింద బడుల్లో, బస్తీల్లో పిల్లలను పోగుచేసి, వాళ్లకు పోటీలు పెట్టి, ఏడాదికేడాది కొత్తవాళ్లను పైకి పంపిన మనిషి. ఆయన పోయాక పైన కుర్చీని నింపారు. కింద ఆయన చేసిన పనిని ఎవరూ నింపలేదు. హైదరాబాద్‌లో మైదానాలు తగ్గాయి, బడుల పోటీలు తగ్గాయి. మిగిలిన మంచి ఆటగాళ్లు మహమ్మద్ హబీబ్ లాగా కలకత్తా రైలెక్కారు.

మన జిల్లాల సంగతి

కరీంనగర్, ఆదిలాబాద్ ఇళ్లలో ఈ కథ చెప్పుకోవడానికి ఒక కారణం ఉంది. హకీంపేటతో పాటు ఈ రెండు ఊళ్లలోనే మన రాష్ట్ర క్రీడా పాఠశాలలు ఉన్నాయి. నాలుగో తరగతిలోనే పిల్లలను ఎంపిక చేస్తారు. పక్కనే ఉన్న నిజామాబాద్ జిల్లా తండా నుంచి వచ్చిన గుగులోత్ సౌమ్య దేశం తరఫున ఫుట్‌బాల్ ఆడింది. అంటే మన వైపు పిల్లల కాళ్లలో బలం లేక కాదు.

మన ఇళ్లలో ఆట అంటే ఇంకా టైంపాస్ అనే అనుకుంటాం. అసర్ తర్వాత పిల్లవాడు గ్రౌండుకు పోతానంటే ట్యూషన్ గుర్తు చేస్తాం, ఇంట్లో ఫోన్ పట్టుకుని కూర్చుంటే మాత్రం ఊరుకుంటాం. రహీమ్ సాబ్ చదువుకు, ఆటకు మధ్య గోడ కట్టలేదు. ఆయన డిగ్రీ చదివిన మనిషి, పిల్లలకు పాఠం చెప్పిన మనిషి, అదే చేతులతో దేశానికి జట్టును కట్టిన మనిషి.

కొత్త కోచ్ మీద ఆశ పెట్టుకోవడం మంచిదే. ఆయన పిలిచినప్పుడు వెళ్లే పిల్లలు మాత్రం కింది నుంచే రావాలి. వాళ్లను తయారు చేసేది ఊళ్లలోని పీఈటీ సార్లు, పాత ఆటగాళ్లు, సాయంత్రం ఒక గంట మైదానంలో నిలబడగలిగే మామూలు తండ్రులు. డ్రిబ్లింగ్ లేని పోటీ పెట్టడానికి, బలం లేని కాలితో ఆడించడానికి, సన్నగా ఉన్న పిల్లలకు వేరే జట్టు కట్టడానికి పెద్ద డబ్బు అక్కర్లేదు. ఒక బంతి, ఖాళీ జాగా, ఓపికగల మనిషి చాలు. రహీమ్ సాబ్ అలాగే మొదలుపెట్టారు.

అల్లాహ్ ఆయనను మన్నించి జన్నత్‌లో మంచి చోటు ప్రసాదించుగాక. ఆమీన్.